తాటిమెట్ట శుభారంభం

ఈ ఏడు తాటిమెట్ట మారథానుకి పరిగెత్తేవాళ్ళకంటే ముందు ఎదురొచ్చేవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకుంటున్నారట. ఈ ముక్క మునిసిపల్ ఆఫీసులో అటెండరు తన పెళ్ళాం చెవిలో వేస్తే, ఆవిడ తోటికోడలు వరహాలమ్మకు చెప్పిందట. వరహాలమ్మ కడుపులో మాట దాచుకోగలిగిన మనిషే అయితే ఆ వీధిలో సగం తగువులు పుట్టేవే కావు. తెల్లారకుండానే ప్రహరీ మీద మోచేతులు ఆనించి, పక్కింటి నూకరత్నానికి చేరవేసేసింది.

"ఎదురు రావడానికి ఉద్యోగాలేటొదినా, చోద్యం కాకపోతే!" అంది రత్నం, పెరట్లో గిన్నెలు తోముకుంటూ.

"చోద్యం కాదే, గవర్నమెంటు! నిండుబిందె చంకనెట్టుకుని, నుదుటి మీద రూపాయి కాసంత బొట్టెట్టుకుని, జెండా ఊపగానే పరిగెట్టేవోళ్ళకి ఎదురెళ్ళాలంట. మా మరిది నా పేరు రాయించేసేడు. దానికేదో పేరుందే... ఆఁ, శుభాగమన సహాయకురాలు!"

"ఎదురొచ్చేవోళ్ళే అంతమందుంటే పరిగెట్టేవోళ్ళకి దారేదొదినా?"

"నీకన్నీ ఎకసెక్కాలే. ఇదిగో, ఓ చిటికె లోపలికెళ్ళవే. మీ అన్నయ్య బయల్దేరతన్నాడు."

రత్నం గిన్నె చేతిలో పట్టుకునే లేచి తలుపు వెనక్కి వెళ్ళింది. ఇప్పుడు కోపం కూడా రావడం లేదు. మొగుడు పాము కరిచి పోయిన నాటినుంచీ ఈ మూడేళ్ళలో ఆ తలుపు వెనక ఆమె ఎన్నిసార్లు నిలబడిందో ఆ గోడకున్న సున్నానికే తెలుసు. ఆమె భుజం తగిలి తగిలి అక్కడ పెళ్ళలూడాయి.

ఆ వీధివాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. జ్వరమొస్తే కషాయం పట్టుకొస్తారు. పండక్కి గారెలు పంపుతారు. కాకపోతే ఎవరైనా పనిమీద బయల్దేరేటప్పుడు ఆమె మొహం ఎదురుగా కనిపించకూడదు, అంతే. తక్కిన వేళల్లో ఆమె మొహానికి ఏ లోటూ లేదు.

రత్నం కాలవ అవతల ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. వీధి నిద్ర లేచేలోపు వీధి దాటాలి. కాలవగట్టు మీద దూరంగా టార్చిలైటు మిణుకుమంటే ఎవరో పొలానికి బయల్దేరాడని అర్థం. ఆ మనిషి మలుపు తిరిగేలోపు తను వంతెన దాటెయ్యాలి. చీర కుచ్చెళ్ళు ఎగదోపి లగెత్తేది. మొదట్లో డొక్కలు పట్టేసేవి. తర్వాత పట్టడం మానేశాయి. ఆ తర్వాత ఎదురుగా ఎవరూ లేకపోయినా ఊరికే పరిగెత్తాలనిపించేది. ఊరు దాక్కోమంటే కాళ్ళు వేగం నేర్చుకున్నాయి.

హైస్కూలు డ్రిల్లు మాస్టారు గవర్రాజు ఒక తెల్లవారుజామున సైకిలు మీద పోతూ గట్టు మీద ఈ పరుగు చూసి ముందు దెయ్యమనుకున్నాడు. కాసేపు గుండె చిక్కబట్టుకుని చూశాక, దెయ్యమైతే మాత్రమేం, జిల్లా జట్టుకి పనికొస్తుందనుకున్నాడు. ఆ దెయ్యమే హాస్టల్లో పప్పు వండుతున్నదని తెలిశాక ఆయన నిలవలేకపోయాడు.

"అమ్మాయ్, మారథానుకి నీ పేరిస్తాను" అన్నాడు.

"అది పగలు కదండీ" అంది రత్నం.

"పగలే. అందరూ చూస్తుండగా."

ఆ రాత్రి రత్నం చేసిన చారులో ఉప్పు ఎక్కువైందని హాస్టల్లో పిల్లలు మర్నాడు చెప్పుకున్నారు.

ఇక మారథాను సంగతి. కిందటేడు జరిగిన మారథాను అల్లరిపాలైంది. మంచినీళ్ళ ట్యాంకరు వేరే ఊరెళ్ళింది. దారి చూపించే జీపు దారి తప్పి, దాని వెనకాల పరిగెత్తినవాళ్ళంతా ఒక పెళ్ళి భోజనాల పందిట్లో తేలారు. వాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. ఆ పెళ్ళివారి వంట మంచిదని ఇప్పటికీ చెప్పుకుంటారు. దీని మీద విచారణ వేస్తే నివేదిక ఇలా వచ్చింది: "సదరు వైఫల్యమునకు మూలకారణము, జెండా ఊపు సమయమున వినబడిన ఒక తుమ్ము. ట్యాంకరు రాకపోవుట, జీపు దారి తప్పుట ఇత్యాదులు సదరు తుమ్ము యొక్క తదుపరి పరిణామములుగా పరిగణించడమైనది."

అంచేత ఈ ఏడు ట్యాంకరు గురించి, జీపు గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. ఆదిలో హంసపాదు పడకుండా చూడ్డానికి 'మారథాన్ శుభారంభ సంఘం' ఒకటి వేశారు. దానికి ప్రత్యేకాధికారి త్రివిక్రమరావుగారు. మూడడుగుల్లో లోకాలు కొలిచిన దేవుడి పేరే అయినా, కారు దిగి ఆఫీసు మెట్లదాకా నడవడానికి ఆయనకి ఇద్దరు తోడుండాలి.

సంఘం మీటింగుల ముచ్చట్లన్నీ రత్నానికి, అందులో సభ్యుడైన మాస్టారే చెప్పేవాడు. వంటింటి కిటికీ దగ్గర సైకిలు స్టాండు వేసి, టీ గ్లాసు పట్టుకుని మొదలుపెట్టేవాడు.

"ఇవాళ ఏం తేలిందండీ?"

"ఇది ఇరవై చిల్లర కిలోమీటర్ల పరుగు కదమ్మాయ్, అర్ధ మారథాను. సిద్ధాంతిగారు లేచి, శుభమా అంటూ మొదలెట్టేదాన్ని అర్ధం, సగం అంటారా అన్నాడు. అంచేత పేరు మార్చేరు. పూర్ణ మారథాను."

"దూరం పెంచేరా?"

"దూరం అంతే. పేరే పూర్ణం."

రెండో మీటింగులో, ముగింపు అనే మాట ప్రారంభోత్సవ కాగితాల్లో కనిపించకూడదని తీర్మానించారు. 'ముగింపు గీత', 'ముగింపు దగ్గర షామియానా', 'ముగింపులో గడియారం పట్టుకొను మనిషి' అన్నింటినీ ఎర్రసిరాతో కొట్టేశారు. మరి పరిగెత్తినవాళ్ళు ఎక్కడ ఆగుతారని గవర్రాజు అడిగాడు. త్రివిక్రమరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మాస్టారూ, ఆది సక్రమముగా నిర్వహింపబడిన యెడల అంతము దానంతట అదే సంభవించును. స్వయముగా సంభవించు దానికి సిబ్బందిని కేటాయించుట వృథా" అన్నారట.

మూడో మీటింగులో, ముగ్గురు కలిసి బయల్దేరకూడదు గనుక పక్కపక్కన ముగ్గురు పడితే ఒకడు నాలుగో మనిషికి బదులుగా రాయి పట్టుకు పరిగెత్తాలన్నారు. ఎవరి పక్కన ఎవరు పడతారో ముందే తెలీదు గనుక అందరూ తలో రాయీ పట్టుకోవాలన్నారు. ట్రాక్టరుతో కంకర తోలించారు. బయల్దేరేవాణ్ణి ఎక్కడికి అని అడక్కూడదు, వెనక్కి పిలవకూడదు, పిల్లులు పందెం రోజు ఆ రోడ్డు దాటకూడదు. ఈ చివరిది తెలుగులో అచ్చువేసి గోడలకు అంటించారు. ఎవరికోసం అంటించారో అడిగే ధైర్యం గవర్రాజుకి చాల్లేదు.

నాలుగో మీటింగులో రత్నం పేరొచ్చింది. ఆ సాయంత్రం మాస్టారు సైకిలు స్టాండు వెయ్యకుండానే నిలబడ్డాడు.

"ఏటన్నారండీ?"

"గొడవైపోయిందమ్మాయ్. శుభాగమనానికి పదిమంది పుణ్యస్త్రీలని పెట్టుకుని, గీత దగ్గర నిన్ను నిలబెడతారా అని ఒకాయన. పరిగెత్తే హక్కు అందరికీ ఉందని నేను. చివర నిలబెడదామని ఇంకొకాయన. చివరున్న మనిషి ఎవరైనా వెనక్కి తిరిగితే ఎదురౌతుందని సిద్ధాంతి. ఆఖర్న హెల్తాఫీసరు లేచి, ఎదురు అంటే మొహం కనపడ్డమే కదా, వీపు సంగతి శాస్త్రంలో ఎక్కడా లేదు కదా అన్నాడు. దాంతో తేలిపోయింది."

"ఏం తేలింది?"

"నిన్ను అందరికంటే ముందు నిలబెడతారు. రోడ్డు మలుపు దాటి, రైసుమిల్లు గోడ పక్కన. గీత దగ్గరున్నవాళ్ళకి కనపడవు. డోలు మోగ్గానే నువ్వు బయల్దేరాలి. వెనక్కి మాత్రం తిరిగి చూడకూడదు." మాస్టారు సైకిలు బెల్లు ఊరికే తిప్పాడు. "ముందు నిలబడ్డావు గనక నీ పరుగు లెక్కలోకి రాదు. నీకు నంబరు కూడా ఇవ్వరు. తిట్టమ్మాయ్, తిట్టు. నేను పడతాను."

రత్నం కిటికీ ఊచ పట్టుకుని ఆలోచించింది.

"పగలేనాండీ?"

"పగలే."

"రోడ్డు మీదేనా? గట్టు మీద కాదు కదా?"

"నడిరోడ్డు మీద."

"అయితే చాలండి" అంది రత్నం.

పందెం రోజు పొద్దున్న ఆమె రైసుమిల్లు గోడ పక్కన నిలబడింది. హాస్టలు పిల్లలిచ్చిన కాన్వాసు బూట్లు, చీర మీద మాస్టారి పాత ఆటల చొక్కా. దాని మీద పిన్నీసులతో గుచ్చిన తెల్లకాగితం. అంకె లేదు. మలుపు అవతల మైకులో త్రివిక్రమరావుగారి ఉపన్యాసం వినబడుతోంది. అందులో 'శుభ' అన్న మాట తప్ప ఆమెకేమీ అర్థం కాలేదు. అంతలో సన్నాయి లేచింది. డోలు దబదబా మోగింది. నూకాలమ్మ తల్లీ అనుకుని రత్నం పరుగందుకుంది.

కాసేపటిదాకా ఆమె చెవులన్నీ వీపు మీదే ఉన్నాయి. కాలేజీ కుర్రాళ్ళు, పోలీసు ట్రైనింగు కుర్రాళ్ళు, ఇదిగో వచ్చేస్తారు, అదిగో దాటేస్తారు. వెనక్కి చూడకూడదన్నారు గనుక చూడలేదు. అడుగుల చప్పుడు ఎంతకీ రాదు. రాకపోయేసరికి ఇంకా భయమేసింది. భయమేస్తే రత్నానికి తెలిసింది ఒకటే పని. ఇంకా వేగం పెంచింది.

మలుపు అవతల జరిగింది తర్వాత మాస్టారు చెప్తే తెలిసింది. డోలు మోగింది, జెండా లేచింది, సరిగ్గా అప్పుడే సాంబ్రాణి పొగ ముక్కులోకి పోయి ముఖ్య అతిథిగారు తుమ్మారు. ఒక్కటే తుమ్ము. ఎవరూ గీత దాటలేదు. అందర్నీ కూచోబెట్టి, కాళ్ళు కడిగించి, మంచినీళ్ళు తాగించారు.

"అయ్యా, రత్నం బయల్దేరిపోయింది! సైకిలేసుకెళ్ళి వెనక్కి తీసుకొస్తాను" అన్నాడు గవర్రాజు.

"బయల్దేరిన మనిషిని వెనక్కి పిలుచుట నిషిద్ధము. మీరే సంతకం చేశారు" అన్నారు ప్రత్యేకాధికారి.

"ఒంటి తుమ్ముకే దోషం. జంట తుమ్ము శుభం" అని సిద్ధాంతి ధైర్యం చెప్పాడు. ముఖ్య అతిథిగారు రెండో తుమ్ము తుమ్మితే మొదటిది రద్దవుతుంది. ఆయన ఎంత ప్రయత్నించినా రాలేదు. "రావాలంటే రాదయ్యా, అదేమన్నా నా డిపార్టుమెంటా?" అని విసుక్కున్నారు. నశ్యం డబ్బా తెప్పించారు. మూత తీసేవేళకి గాలి కొట్టింది. ముందు వరసల్లో వాళ్ళందరూ తుమ్మారు. సన్నాయి పట్టుకున్నాయన సన్నాయిలోకి తుమ్మాడు. ఇక తుమ్ములు సరిసంఖ్యా, బేసిసంఖ్యా అన్నది తేలాలి. ఆరోగ్యశాఖ సరి అంది, రెవెన్యూవారు బేసి అన్నారు. ఒక పెద్దాయన తుమ్ము సగంలో ఆగిపోయింది, దాన్ని ఎటు వెయ్యాలన్న దగ్గర చర్చ ముదిరింది. పూర్ణ మారథానులో సగం తుమ్ము చెల్లదని ప్రత్యేకాధికారి తీర్పిచ్చారు.

మళ్ళీ రిబ్బను కట్టారు, మళ్ళీ జెండా లేచింది. ఒక విలేకరి కుర్రాడు ముందు వరసలో వాడి మొహం దగ్గర మైకు పెట్టి, "ఎక్కడిదాకా పరిగెడతారండీ?" అన్నాడు. అంతే, మళ్ళీ కూచోబెట్టారు, మళ్ళీ కాళ్ళు కడిగారు. ఇంకోసారి పిల్లి వచ్చింది. గోడ మీద కాగితం దాని ఎదురుగానే ఉంది. అయినా దాటింది. ఈసారి అంతా బాగుందనుకునే వేళకి సిద్ధాంతిగారే పంచె సవరించుకుంటూ ఒక్కడూ ఎదురొచ్చాడు. ఒంటి బ్రాహ్మడు ఎదురు కాకూడదని ఆయన రాయించిన నిబంధనే. రెండో బ్రాహ్మడి కోసం స్కూటరు మీద ఒకణ్ణి హోటలుకి పంపారు. పెనం మీద దోసె ఉంది, అది తిరగెయ్యందే రానన్నాడట అక్కడి వంటాయన.

ప్రతిసారీ వరహాలమ్మా, తక్కిన తొమ్మండుగురూ నిండుబిందెలతో దూరం వెళ్ళి, ఎదురు నడిచి రావాలి. మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ రావాలి. ఎండెక్కింది. పరిగెత్తాల్సినవాళ్ళు నీడలో కూచుని కాళ్ళు కడిగించుకుంటుంటే, ఎదురొచ్చేవాళ్ళకి కాళ్ళు పడిపోయాయి. బిందెలో నీళ్ళు తాగకూడదు. తాగితే వెలితి బిందె అవుతుంది.

"ఒరే మరిదీ, ఇదేం ఉజ్జోగంరా! పరిగెట్టేవోళ్ళకన్నా నేనే ఎక్కువ నడిచేను" అని వరహాలమ్మ మైకుకి వినబడేలా అరిచింది.

ఈలోపు రత్నం రెండు ఊళ్ళు దాటింది. ఒక ఊరి మొదట్లో మోటారుసైకిలు తన్నుతున్న ఒక పెద్దమనిషి, తెల్లబట్టలు, చంకలో సంచీ, ఎక్కడికో మంచి పనిమీద బయల్దేరుతున్నాడు. ఆమె సరిగ్గా ఆయనకెదురు. కాళ్ళు వాటంతటవే పక్క తుప్పల్లోకి తిరగబోయాయి. ఒక అడుగు రోడ్డు దిగింది కూడా. అప్పుడు గుండె మీద కాగితం గాలికి టపటపమంది. రత్నం మళ్ళీ రోడ్డెక్కింది. ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ, పక్కనించి దూసుకుపోయింది. ఆయన మళ్ళీ ఇంట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగి కూచున్నాడేమో, ఆమె చూడలేదు. చూడ్డానికి ఆగలేదు. ఎందుకో పట్టరాని నవ్వొచ్చింది. నవ్వుతూ పరిగెత్తడం కష్టమని అప్పుడే తెలిసింది.

సగం దూరంలో, కాలవ లాకుల దగ్గర, మళ్ళీ ఊరివైపు తిరగాలి. అక్కడ సంఘం మనిషన్నవాడు ఒక్కడూ లేడు. అందరూ ఆరంభం దగ్గరే ఉన్నారు. రేవులో బట్టలు ఉతుకుతున్న ఆడమనిషి తలెత్తి, "ఎక్కడికే అమ్మా, అలా పడి పరిగెడతన్నావు?" అని కేకేసింది.

బయల్దేరిన మనిషిని అడక్కూడని మాట అది. రత్నం లాకు రాటను చేత్తో ముట్టుకుంది.

"ఇక్కడికేనండీ! ఇదిగో, ఇంటికెల్తన్నాను!"

తిరిగి వస్తుంటే పొద్దు బాగా పైకొచ్చింది. అప్పుడూ ఎవరూ ఎదురు కాలేదు. ఆ కుర్రాళ్ళంతా ఏమైనట్టు? మళ్ళీ పెళ్ళి పందిట్లోకి గానీ పోయారా? తను గానీ దారి తప్పిందా? రైసుమిల్లు గోడ కనిపించింది. మలుపు తిరిగింది.

ఊరు ఊరంతా అక్కడే ఉంది. రోడ్డుకటూ ఇటూ జనం. అడ్డంగా ఎర్ర రిబ్బను. దాని వెనక వందలమంది, చేతుల్లో తలో కంకరరాయి, తడికాళ్ళతో. దోసెల వంటాయన్నీ సిద్ధాంతినీ జంటగా నిలబెట్టారు. తుమ్ము లేదు, పిల్లి లేదు, సన్నాయి చక్కగా పలుకుతోంది. త్రివిక్రమరావుగారు జెండా ఎత్తారు. కత్తెర పళ్ళెం ముఖ్య అతిథిగారి ముందుకొచ్చింది. ఇంత మంచి ఆరంభం తాటిమెట్ట ఎన్నడూ చూడలేదు.

ఆ ఆరంభానికి తిన్నగా ఎదురుగా, బోసి నుదురుతో, చెమటలు కక్కుతూ రత్నం వస్తోంది.

"ఆపండి! ఎవరది? ఎవరా ఎదురొచ్చేది?" అన్నారు ప్రత్యేకాధికారి మైకులో. మైకు కదా, మూడు వీధులు విన్నాయి.

ముందు వరసవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. వెనక వరసవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి అలవాటుగా కూచోబోయారు. గవర్రాజు ఒక్కడే సైకిలు పడేసి, చేతులెత్తి గాల్లో ఊపుతున్నాడు. రత్నానికి ఆగడం చేతకాలేదు. ఆగేచోట గీత ఉంటుందని ఆమె అనుకుంది. అక్కడున్నది ఒక్క గీతే. గుండెతో రిబ్బను తెంపుకుని, కత్తెర పళ్ళెం పక్కనించి వచ్చి నిలబడింది.

డోలు ఆగింది. సన్నాయి ఒక్క క్షణం తెలీక పలికి, అదీ ఆగింది.

వరహాలమ్మ బిందెతో అడుగు ముందుకేసింది. తిడుతుందనుకున్నారు అందరూ. ఆవిడ రత్నం బూట్లకేసి చూసింది, దుమ్ముకేసి చూసింది, పొద్దుట్నుంచీ మోసిన బిందెను చంక మార్చి, "తాగవే" అంది. రత్నం దోసిలి పట్టింది. ఒంచిన నిండుబిందె వెలితయ్యేదాకా తాగింది. శుభారంభ సంఘం మొత్తం ఆ గుటకలు లెక్కపెడుతూ నిలబడింది.

త్రివిక్రమరావుగారు జెండా కిందికి దించి, మైకు దగ్గరగా లాక్కున్నారు.

"ఏమమ్మా! ఇంత శ్రమపడి, ఇన్ని శాఖలు ఏకమై, శుభమా అని పరుగు ఆరంభించు వేళ, సదరు ఆరంభమునకు ఎదురు రావడానికి నీకు మనసెలా ఒప్పింది?"

రత్నం కొంగుతో మూతి తుడుచుకుంది. జనాన్ని చూసింది, వాళ్ళ తడికాళ్ళు చూసింది, చేతుల్లో రాళ్ళు చూసింది. అప్పుడర్థమైంది ఆమెకి. ఆయన తనవైపు తిప్పిన మైకు ఆమె మొహం ముందే ఉంది.

"నేనెదురు రాలేదండి. ఎల్లొచ్చేసేను. మీరే ఇంకా బయల్దేరలేదు."